రెండు భాషల కలిమి

మెదడు ముదిమిని గూర్చి పండితులు చేయు పరిశోధనలతో మన యడవిపల్లెలకేమి పని యని కొందరడుగవచ్చును. పని కలదనియే మా యభిప్రాయము.

వయసు మీరినవారు కొందరు నిన్నటి సంగతి మరచి, నలువది యేండ్ల నాటి సంగతి చెప్పుచుందురు. తుదకు కన్నబిడ్డల పేర్లును మరతురు. దీనిని చాదస్తమని కొందరును, గాలి సోకినదని కొందరును అందురు. ఇది మెదడునకు వచ్చు రోగము. ఇట్టి రోగములలో మిక్కిలి తరచుగా వచ్చునది ఆల్జైమరు వ్యాధి. 1906లో జర్మనీ దేశపు వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమరు దీనిని మొదట వివరించెను. క్రొత్త జ్ఞాపకములను నిలుపు మెదడు భాగము సాధారణముగా ముందు చెడును గనుక, క్రొత్తవి పోయి పాతవి చాలకాలము నిలుచును. దీనిని పూర్తిగా కుదుర్చు మందు నేటికిని లేదు. కావున రోగము కొన్నియేండ్లు ఆలస్యముగా వచ్చినను గొప్ప మేలే.

హైదరాబాదునందలి నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో పనిచేసిన నాడీవైద్యురాలు డాక్టరు సువర్ణ అల్లాడిగారును, ఆమె సహచరులును ఇట్టి మతిమరపు రోగులు 648 మంది వివరములను పరిశీలించి, 2013లో ఫలితములను ప్రకటించిరి. వారిలో 391 మంది రెండు గాని, అంతకు మించి గాని భాషలు మాటలాడువారు. ఒకే భాష వచ్చినవారికంటె వీరికి సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా రోగము పొడసూపెను. అక్షరము రానివారియందును ఈ భేదము కనబడుట విశేషము. రెంటికి మించి భాషలు వచ్చినందున అధికమైన మేలేమియు కనబడలేదు.

రెండు భాషలవాడు నోరు తెరచినప్పుడెల్ల ఒకదానిని ఆపి రెండవదానిని పిలువవలెను. ఈ యెడతెగని సాము వలన మెదడునకు బలము కలుగుననియు, కొంత చెడినను తక్కిన భాగము పని నెట్టుకొని రాగలదనియు వారి యూహ. ఇతర దేశములలో జరిగిన కొన్ని పరిశోధనలలో ఈ మేలు కానరాలేదు గనుక, పండితులలో వాదమింకను తీరలేదు. రెండు భాషలు వచ్చినవారికి రోగమే రాదని యెవరును తలపరాదు.

ఇక మన సంగతి. దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములలో కోయ ముదుసలి ఇంట కోయ మాటలాడును. సంతలో తెలుగున బేరమాడును. అక్షరము రాకున్నను ఆమెకు రెండు భాషల కలిమి కలదు. ఆమె మనుమడో, బడికి వచ్చి తెలుగును ఇంగ్లీషును నేర్చి, తోటివారు నవ్వుదురని కోయ పలుకుటకు సిగ్గుపడును. ఆ మాట మానిననే చదువు వచ్చునని తలచి, ఇంట తెలుగే మాటలాడు తలిదండ్రులును కలరు. ఇది మాకు సమ్మతము కాదు. రెండవ యెద్దును కొనుటకు మొదటి యెద్దును అమ్మినవానికి అరక సాగునా?

19వ శతాబ్దిలో దుమ్ముగూడెమున నుండిన మిషనరీ జాన్ కెయిన్ దొరగారు సముద్రములు దాటి వచ్చి కోయభాష నేర్చుకొనిరి. పరదేశికి నేర్వదగినదైన భాష, దానియందు పుట్టినవారికి విడువదగినదగునా?

కావున హాస్టలులో కోయ మాటలాడు బాలుని ఎగతాళి చేయకుండుట మొదటి పని. కోయ మాటలను, కథలను పెద్దలనడిగి తెలుగు లిపిలో వ్రాసి, ఈ పత్రికలో ఏటేట ఒక పుటయైనను నింపుట రెండవ పని. కోయలు కాని విద్యార్థులు తోటివారియొద్ద ఆ భాష కొంత నేర్చుట మూడవది. రెండు భాషల మేలు వారికిని కావలసినదే గదా.

ఆరోగ్యము కొరకు మాత్రమే భాషను నిలుపుకొనుడని మేమనము. మతి తప్పిన ముదిమిలో, నడుమ నేర్చిన తెలుగు జారిపోయి, తల్లి యొడిలో నేర్చిన కోయయే ఆ ముదుసలికి మిగులవచ్చును. ఆనాడు ఆమె దాహమడిగినయెడల, ఆ మాట తెలిసినవారు ఇంట నొక్కరైనను ఉండవలెను. విద్యార్థులారా, ఆ యొక్కరు మీరే కావలెనని మా కోరిక.