పసిబిడ్డల పథ్యాహారము

తల్లిపాలు బిడ్డకు అమృతమని మన పెద్దలు చెప్పుదురు. అది యథార్థము. కాని కోటానుకోట్ల బిడ్డలకు అమృతమైన యా పాలే కొలత మీఱినంతనే విషముగ పరిణమించు దుర్విధి కొందఱు బిడ్డలకు పుట్టుకతోనే సంక్రమించుచున్నది. పాలు, పప్పు, గ్రుడ్డు, మాంసము, తుదకు వరియన్నము సహితము వారు తూచి తినవలసినవే. అట్టి బిడ్డలకు ప్రాణాధారమైనది ఒక పొడి. అది మందు కాదు, ఆహారము. మాంసకృత్తులకు మాఱుగ నిచ్చు ఆహారము. ఆ పొడి ధనవంతుని బిడ్డకు దొరకుచు కూలివాని బిడ్డకు దొరకకుండుట న్యాయమా యని నేడు మేము ప్రభుత్వమువారిని ప్రశ్నించుచున్నాము. ఈ ప్రశ్నకు కారణమేమో పాఠకమహాశయులకు ముందుగ విన్నవింతుము.

మనము తిను మాంసకృత్తులు కడుపులో జీర్ణమై అమినో ఆమ్లములను సుమారు ఇరువది విధములైన పదార్థములుగ విడిపోవును. శరీరము వానితో కండను, నెత్తురును, మెదడును నిర్మించుకొని, మిగిలినదానిని మార్చి వినియోగించుకొనును. ఈ మార్పులలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఎంజైము కావలెను. ఫినైల్ కీటోనూరియా యను లోపమున ఫినైల్ అలనిన్ అను ఆమ్లమును మార్చు ఎంజైము కాలేయమున సరిగ పనిచేయదు. ఆ యామ్లము నెత్తుటిలో పేరుకొని మెదడును చెఱచును. పుట్టినపుడు బిడ్డ చక్కగనే యుండును. నెలలు గడచినకొలది బుద్ధి మందగించును, మూర్ఛలు తోచును. మేపిల్ సిరప్ వ్యాధియందు వ్యవధి యింకను తక్కువ. మూత్రమునకు మాడిన పంచదార వాసన పట్టును. లూసిన్ మొదలగు మూడు ఆమ్లములు పేరుకొని, పుట్టిన కొలది దినములలోనే బిడ్డ పాలు త్రాగుట మాని, మగతలో పడి, చికిత్స లేనిచో మరణించును.

అట్లయిన మాంసకృత్తులను పూర్తిగ మానిపించిన చాలునుగదా యని కొందఱు తలపవచ్చును. అది ప్రమాదకరమైన తలంపు. మాంసకృత్తులు లేనిదే బిడ్డ యెదుగదు. అంతియేగాక, వెలుపలినుండి ఆహారము చాలనపుడు శరీరము తన కండనే కరగించుకొనును. ఏ యామ్లమునకు వెఱచి తిండి మానిపించితిమో ఆ యామ్లమే లోపలినుండి పుట్టి నెత్తుటిలో హెచ్చును. కావున తల్లిపాలనో యన్నమునో వైద్యుడు చెప్పిన కొలతప్రకార మిచ్చి, తక్కిన మాంసకృత్తుల కొఱతను పొడితో తీర్పవలెను. హానిచేయు ఆమ్లమును మాత్రము తొలగించి, తక్కిన యామ్లములను, విటమినులను, లవణములను తగిన పాళ్ళలో కూర్చినదే యీ పొడి. దాని వాసన కటువు, రుచి చేదు. ఐనను దినమునకు పలుమాఱులు, ఒకనెల రెండునెలలు గాదు, జీవితాంతము తీసికొనవలసినది.

ఈ విద్య నిన్న మొన్నటిది గాదు. 1934లో నార్వేదేశమున ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుడు, బుద్ధిమాంద్యముగల తన యిరువురు బిడ్డలకు కారణము తెలియగోరి తిరుగుచున్న యొక తల్లి ప్రార్థనపై వారి మూత్రమును పరీక్షించి యీ లోపమును కనిపెట్టెను. 1951లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హాము బాలల ఆసుపత్రిలో మఱియొక తల్లి, లోపము తెలిసినదిగదా, చికిత్స యేదియని ప్రతిదినము ప్రయోగశాలవాకిట నిలిచి యడిగెను. హోర్స్ట్ బికెల్ అను వైద్యుడును ఆతని సహచరులును పాలలోని కేసీనును ఆమ్లముతో విడగొట్టి, బొగ్గుపొడితో వడపోసి, ఫినైల్ అలనిన్ తొలగిన ఆహారమును తయారుచేసిరి. నిలువలేని, నడువలేని రెండేండ్ల బాలిక దానితో నెమ్మదిగ ప్రాకి, నిలువసాగెను. 1963లో రాబర్ట్ గత్రీ అను అమెరికను శాస్త్రజ్ఞుడు, శిశువు మడమనుండి తీసిన నెత్తుటిచుక్కలను కాగితముపై ఆరబెట్టి లోపమును పసిగట్టు పరీక్షను ప్రకటించెను. అనగా, వ్యాధిని కనుగొను మార్గమును, దానిని నివారించు ఆహారమును లోకమునకు తెలిసి అఱువదియేండ్లు దాటినవి. ఇంకను మన బిడ్డలు చెడుచున్నారన్న ఆ దోషము శాస్త్రముది గాదు.

ఇది శీతలదేశముల వ్యాధి, మనకెక్కడిది యనువారు హైదరాబాదు నగరపు అనుభవమును వినవలెను. అచ్చటి నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన 18,300 మంది శిశువులను పరీక్షించి డాక్టరు రాధారమాదేవి ప్రభృతులు 2004లో ఫలితములను ప్రకటించిరి. పుట్టుకతో వచ్చు జీవక్రియాలోపములు వేయిమందిలో ఒకరికి గానవచ్చినవని వారు తెలిపిరి. వీరందఱికిని ఈ పొడియే కావలెనని గాదు, లోపములు పలువిధములు. కాని యీ సంఖ్య యుపేక్షింపదగినది కాదు. మేనరికములు, మేనమామ వివాహములు మనలో మెండుగ నుండుట దీనికి దోహదము. తల్లియందును తండ్రియందును ఒకే లోపబీజము దాగియున్నపుడు, ప్రతికాన్పునను నాలుగింట నొకపాలు బిడ్డకు వ్యాధి రాగలదు. బీజము ఇరువురిది. అట్లుండ, బిడ్డ మందబుద్ధియైనంతనే కోడలి నోములను, కోడలి జాతకమును తప్పుపట్టు అత్తమామలు మనలో నున్నారు. ఈ అన్యాయమును కూడ విద్యావంతులు ఖండింపవలెను.

ఇక ప్రభుత్వ విషయము. 2021లో కేంద్రప్రభుత్వమువారు అరుదైన వ్యాధుల జాతీయ విధానమును ప్రకటించిరి. పథ్యాహారముతో అదుపులోనుండు వ్యాధులను అందు రెండవ తరగతిలో చేర్చిరి. మంచిదే. కాని వీరి పోషణభారమును గుఱించి యేమని వ్రాసిరి? రాష్ట్రప్రభుత్వములు సహాయముచేయు సంగతిని పరిశీలింపవచ్చునని వ్రాసిరి. మహాకావ్యములకు వ్యాఖ్యలు రచించి ప్రసిద్ధుడైన కోలాచల మల్లినాథసూరి స్వగ్రామమగు కుల్చారము మన మెదకు పట్టణమునకు చేరువనే యున్నది. ఒక్క పదమైన విడువక అర్థము నిగ్గుదేల్చుట ఆ మహనీయుని పద్ధతి. ఆ పద్ధతిని ఈ విధానపత్రమునకు వర్తింపజేసిన తేలునదేమి? "పరిశీలింపవచ్చును" అనగా పరిశీలింపకయు ఉండవచ్చును. పరిశీలించి ఈయకయు ఉండవచ్చును. ఆకలికి ఇట్టి విభక్తులు తెలియవు.

2022లో ఈ సహాయమును ఒక్కొక్క రోగికి యాభైలక్షల రూప్యములవఱకు పెంచి, అన్ని తరగతులకును వర్తింపజేసిరి. హైదరాబాదునందలి డి.ఎన్.ఏ. పరిశోధనకేంద్రమును నిమ్స్ ఆసుపత్రియు కలసి మన ప్రాంతమునకు నియమింపబడిన కేంద్రము. 2023 ఏప్రిల్ 1 నుండి స్వంతవినియోగమునకు దిగుమతిచేసికొను ఇట్టి మందులకు, ఆహారములకు కస్టమ్సు సుంకమును తొలగించిరి. వీనికి మేము సంతసింపకపోలేదు. కాని కుల్చారములో నొక పేదరైతు ఇంట అట్టి బిడ్డ పుట్టెననుకొందము. లోపమున్నదని చెప్పు పరీక్ష పుట్టినపుడే జరుగవలెను. తరువాత రాజధానికి పోవలెను. సుంకము మినహాయింపునకు వైద్యాధికారి ధ్రువపత్రము తేవలెను. విదేశమునుండి డబ్బా తెప్పింపవలెను. అది యయిపోకముందే మఱియొకటి తెప్పింపవలెను. డబ్బా వెల వేలరూప్యములలో నుండును. సుంకము లేదన్నంతమాత్రమున వెల లేకపోదు. విదేశపు సరకును విమానముపై తెప్పించుకొనగల గృహస్థునికే ఆ మినహాయింపు మేలుచేయును.

మాయందు న్యాయశాస్త్రము నెఱిగినవారును కలరు కావున చట్టమువైపునుండి కూడ ఒకమాట చెప్పుదుము. విధానపత్రము చట్టము కాదు, నిజమే. కాని 2013 నాటి ఆహారభద్రతా చట్టము చట్టమే. ఆఱునెలలు మొదలు ఆఱేండ్లవఱకుగల ప్రతిబిడ్డకును వయస్సునకు తగిన ఆహారమును అంగన్‌వాడీద్వారా ఉచితముగ నీయవలెనని అది శాసించినది. అందు మాంసకృత్తు లింతయుండవలెనని అనుబంధమున కొలత సహితము విధించినది. ఈ శాసనము ననుసరించియే మన రాష్ట్రమున గోధుమలు, శనగపప్పు, పాలపొడి కలిపిన బాలామృతమును పంచుచున్నారు. ఆ బాలామృతమే యీ బిడ్డలకు హానికరము. తినగూడని తిండిని చేతికిచ్చి చట్టము చెల్లినదనుట చెల్లదు. ఇతర బిడ్డలకు చట్టము వాగ్దానము చేసిన మాంసకృత్తులు బాలామృతమున నున్నవి. ఈ బిడ్డల మాంసకృత్తులు ఆ పొడియం దున్నవి. రూపము వేఱు, హక్కు ఒక్కటే. ప్రజల పౌష్టికాహారస్థాయిని హెచ్చించుట రాజ్యము ప్రథమకర్తవ్యములలో నొకటియని రాజ్యాంగము 47వ అధికరణమున చెప్పినది గూడ అల్పసంఖ్యాకులైన రోగులను మినహాయించి గాదు.

ఇంతకొలదిమందికొఱకు ఇంతవ్యయమా యని అధికారులు ఆక్షేపింతురు. కొలదిమందియే యగుటచే మొత్తపు వ్యయము స్వల్పమేయగునని మా ప్రత్యుత్తరము. మఱియు వ్యయము హెచ్చుటకు ముఖ్యకారణము పరాధీనత. టైరోసినీమియా యను ఇట్టి లోపమునకే వాడు నిటిసినోన్ మందునకు విదేశపుసరకైనపుడు సాలుకు 2.2 కోట్ల రూప్యములు అయ్యెడిది. మన దేశమున తయారుచేసినంతనే అది 2.5 లక్షలకు దిగినదని 2023 నవంబరులో ప్రభుత్వమువారే ప్రకటించిరి. ఆ మందు మ్రింగువారికి కూడ మాంసకృత్తులమాఱు పొడి యవసరము. మందునకు సాధ్యమైన స్వదేశోత్పత్తి పొడికి అసాధ్యమా? లోకమున అన్ని దేశములకంటె హెచ్చుగ పాలుదీయు దేశము మనది. మొట్టమొదటి పొడి పాల కేసీనునుండియే పుట్టినది. జున్నుచేయగా మిగులు తేటనీటినుండి, ఫినైల్ అలనిన్ మిక్కిలి స్వల్పముగనుండు మాంసకృత్తును తీయు విద్యయు నేడు కలదు. మందుల మూలద్రవ్యములు చేయు కర్మాగారములు పూర్వపు మెదకు జిల్లాలోని పటాన్‌చెరువు చుట్టుపట్లనే వెలసియున్నవి. వాని వ్యర్థములను మన నక్కవాగు భరించినది. వాని నైపుణ్యముయొక్క ఫలము మన పసిబిడ్డలకు దక్కుట న్యాయము.

కావున మేము ప్రభుత్వమువారిని కోరునది స్పష్టము. ప్రతి ప్రసూతికేంద్రమునను శిశువు ఇల్లు చేరకముందే మడమనెత్తుటి పరీక్ష జరుగవలెను. పరీక్షాఫలము కొలదిదినములలో తల్లిదండ్రులకు తెలియవలెను. లోపము తేలిన బిడ్డకు పొడిని జిల్లా ఆసుపత్రిద్వారా, ఎడతెగకుండ, ఉచితముగ, ఆఱేండ్లతో ఆపక జీవితాంత మీయవలెను. పథ్యము కొలతలు నేర్పు ఆహారనిపుణులను జిల్లాకొక్కరినైన నియమింపవలెను. దేశీయోత్పత్తికి ఆర్డరులిచ్చి ప్రోత్సహింపవలెను. గోవాలో 2008లోనే ప్రభుత్వము నవజాతశిశుపరీక్షలకు పూనుకొన్నది. కేరళప్రభుత్వము అరుదైన వ్యాధులకై 2024లో ప్రత్యేకపథకమును ప్రారంభించినది. మనకు అడ్డమేమి?

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులకును కర్తవ్యము కలదు. మందబుద్ధి బిడ్డను దాచిపెట్టు కుటుంబమునకు ఇది శాపము గాదని చెప్పుడు. పథ్యమున నున్న బిడ్డను పెండ్లిండ్లలో చూచి, జాలిపడి, "ఒక్క ముద్దకేమగును" అని పెట్టకుడు; ఆ జాలి హింస. కాన్పునకు పోవు ఆడపడుచులకు నెత్తుటి పరీక్షను అడుగుమని చెప్పుడు. మీ శాసనసభ్యుడు ఊరికి వచ్చినపుడు రోడ్డుతోపాటు దీనిని గూడ అడుగుడు. ఓటులేని బిడ్డ తరపున అడుగువారు మీరే. "పరిశీలింపవచ్చును" అను మాటను "ఈయవలెను" అని ప్రభుత్వముచే మార్పించుట ప్రజాభిప్రాయమునకు సాధ్యము. ఆ యభిప్రాయమును వెంటనే ప్రకటింపుడు.