సన్నబడితే సరిపోయిందా?

మొబైలు కంపెనీలకు 2025లో మళ్లీ నాజూకు పిచ్చి పట్టింది. మే నెలలో శాంసంగ్ ఎస్25 ఎడ్జ్ 5.8 మిల్లీమీటర్ల మందంతో వచ్చింది. సెప్టెంబరులో యాపిల్ ఐఫోన్ ఎయిర్‌ను 5.6కు దించింది. చేతిలోకి తీసుకుంటే ముచ్చటగానే ఉంటాయి, కాదనలేం. కానీ ధరో? మన దేశంలో విడుదలైనప్పుడు రెండూ లక్ష దాటాయి.

ఇంత పోసి కొన్నవాడికి దక్కిందేమిటి? ఎడ్జ్‌లో బ్యాటరీ 3,900 ఎంఏహెచ్. దానికంటే చవకైన ఎస్25లోనే 4,000 ఉంది. ఎయిర్‌కు వెనక ఒకటే కెమెరా, స్పీకరూ ఒకటే. సిమ్ పెట్టుకునే చోటే లేదు, అంతా ఈ-సిమ్మే. ఛార్జింగు అయిపోతే సిమ్ తీసి ఇంకొకరి ఫోనులో వేసుకుందామన్నా కుదరదు.

జనం అమాయకులేం కాదు. వీటికి అనుకున్నంత గిరాకీ లేదని ఆ ఏడాది చివర్లోనే వార్తలొచ్చాయి. 2014లో ఐఫోన్ 6 ప్లస్ జేబులోనే వంగిపోతోందని గోల పెట్టిందీ కొన్నవాళ్లే. అయినా పగులుతుందన్న భయంతో లావుపాటి కవరు తొడిగి, సంచిలో పవర్ బ్యాంకు మోస్తుంటే ఇక సన్నదనం ఎక్కడ?

హోసూరు నుంచి బెంగళూరుకు రోజూ బస్సులో పోయి వచ్చేవాళ్లకు కావలసింది రాత్రి ఇల్లు చేరేదాకా నిలిచే ఛార్జింగు. కొట్టుకెళ్లినప్పుడు ముందు ఆ సంగతే అడుగుదాం. మందం మాట తర్వాత.