కంప్యూటర్ వచ్చింది, తెలుగు రాలేదు

1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ మనోవిజ్ఞాన ప్రయోగశాల తెరిచారు. అక్కడ ప్రత్యేక గడియారాలతో కొలిచిన ప్రతిస్పందన కాలాన్ని నేడు కంప్యూటరే చెబుతోంది. మెదడులో రక్తప్రవాహ మార్పులను ఎఫ్.ఎం.ఆర్.ఐ. చూపుతోంది. సంతోషమే. కానీ నేరేడ్‌మెట్ హాస్టల్ నుంచి పి.జి. దాకా వచ్చిన మాకు ఒక అభ్యంతరం ఉంది. తెర మీద ఇంగ్లీషు ప్రశ్న పడితే మేము దాన్ని ముందు మనసులో తెలుగు చేసుకుంటాం, తర్వాతే మీట నొక్కుతాం. ఆ ఆలస్యం మా తెలివి లెక్కలో పడిపోతుంది. మౌస్ కొత్తగా పట్టిన తమ్ముళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 2022లో మొదలైన టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు (తమ్ముళ్లూ, ఈ నంబరు రాసుకోండి, ఉచితం). పరీక్షలకూ ఆ వీలుండాలి. కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడల్లా మన విశ్వవిద్యాలయాలు అందులోని ప్రశ్నలను తెలుగు చేయించాలి, మనలాంటి హాస్టళ్ల పిల్లల మార్కులను కూడా కలిపి ప్రమాణాలు కట్టాలి.