ముందు జ్వరం చూద్దాం, ఫొటో తరవాత

జూన్ వచ్చిందంటే ఏజెన్సీలో ఆరోగ్య సిబ్బంది ఫోన్లు ఆగకుండా మోగుతాయి, సిగ్నల్ ఉన్నచోట. పొద్దున టెలీకాన్ఫరెన్స్, మధ్యాహ్నం వాట్సాప్‌లో ఫొటోలు, సాయంత్రానికి ఆన్‌లైన్ ఎంట్రీలు. మారేడుమిల్లి చుట్టుపక్కల కొండల్లో ఏఎన్ఎంగా చేసి రిటైరైనదాన్ని. ట్యాబ్ పట్టుకుని సిగ్నల్ కోసం గుట్టెక్కే అమ్మాయిల్ని ఇప్పటికీ చూస్తున్నాను. వాళ్ళు దిగొచ్చేసరికి పొద్దుగూకుతుంది. ఆ పూట చూడాల్సిన గూడెం రేపటికి వాయిదా పడుతుంది. పాపం, ఒక్కరూ ఖాళీగా కూర్చోలేదు, కాళ్ళు పీకేలా తిరిగారు. జ్వరంతో పడుకున్న పిల్లాడి దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

పైనుంచి వచ్చే ప్రతి మెసేజీలోనూ 'అర్జెంట్' అని ఉంటుంది. ఏజెన్సీలో నిజంగా ఆగని పనులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మెదడుకెక్కే మలేరియా, కాన్పయ్యాక ఆగని రక్తం, పాముకాటు, పుట్టగానే ఏడవని బిడ్డ. వీటికి దొరికే టైము గంటల్లోనో నిమిషాల్లోనో ఉంటుంది. నెలవారీ రిపోర్టు ఒకరోజు ఆలస్యమైతే ఎవరికీ ప్రాణం పోదు. ఈ మాట మీటింగులో అని చివాట్లు కూడా తిన్నాను.

ఫాల్సిపారం మలేరియా సంగతే చూడండి. జ్వరం మొదలైన 24 గంటల్లోపు మందు పడాలి. వేలు పొడిచి ఒక్క చుక్క రక్తం కిట్టు మీద వెయ్యాలి, మందునీళ్ళ చుక్కలు వెయ్యాలి, ఆ తరవాత పదిహేను ఇరవై నిమిషాలు ఏమీ చెయ్యకూడదు. గీత ఇంకా పడలేదని కిట్టు పారేసి పక్కింటికి పోతే ఆ పరీక్ష చెయ్యనట్టే లెక్క. పాజిటివ్ వస్తే మొదటి డోసు కళ్ళముందే మింగించాలి. చిన్నపిల్లలు కక్కేస్తారు. అరగంటలోపు కక్కితే మళ్ళీ వెయ్యాలి. అంటే ఒక్క పిల్లాడి దగ్గర గంటసేపు కదలకుండా కూర్చోవాలి. వాళ్ళమ్మ ఇచ్చిన చోడి అంబలి తాగుతూ, ఊళ్ళో ఇంకెవరికి ఒళ్ళు కాలుతోందో అడుగుతూ కూర్చోవాలి. నాకు చాలా జ్వరాలు అలాగే తెలిశాయి. అలా కూర్చున్నప్పుడే ఒకసారి పెద్దాఫీసరొకాయన జీపు దిగకుండానే అడిగారు: "ఏమ్మా, ఇక్కడే కూర్చున్నావు, ఇంకా ఎన్నిళ్ళున్నాయి?" "మాత్ర వేశానండి, కక్కుతాడేమో చూస్తున్నాను" అన్నాను. ఆయనకి కావాల్సింది ఇళ్ళ లెక్క.

ఈ కొండల్లోని గిరిజనులు, కొండరెడ్లకి తొందరంటే తెలీదని మైదానం నుంచి వచ్చిన ఉద్యోగులు అంటుంటారు. కానీ వాళ్ళకీ ఆగని పని ఒకటుంది: పోడు నరికి, ఎండబెట్టి, వాన పడకముందే కాల్చకపోతే ఆ ఏడు గింజ ఉండదు. ఆ నాలుగు రోజులూ వాళ్ళు సంతకి పిలిచినా రారు, మీటింగుకి పిలిచినా రారు. మిగతా రోజుల్లో చెట్టుకింద కూర్చుంటే మనకి బద్ధకంగా కనబడుతుంది.

తొందరపడాల్సిన చోట ఆలస్యమైతే ఏమవుతుందో 2017లో వై.రామవరం మండలం చాపరాయి గ్రామంలో చూశాం. ఒకరి తరవాత ఒకరు 16 మంది గిరిజనులు చనిపోయారు. జూన్ నెలాఖరుకి గానీ ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలీలేదు. తెలిశాక క్యాంపులు, కార్లు, కెమెరాలు వచ్చాయి. ఆ హడావుడిలో పదోవంతు మొదటి చావు నాడు ఉంటే సరిపోయేది.

కాన్పుల విషయంలోనూ అంతే, ఏటా వానాకాలంలో గర్భిణిని మోసుకొస్తున్న డోలీ ఫొటో పేపర్లో వస్తుంది. 108 అంబులెన్సు వచ్చింది 2005లో. ఇప్పటికీ అది వాగు ఇవతలే ఆగిపోయే ఊళ్ళున్నాయి. డోలీ మోసేవాళ్ళ పరుగుని నేను తక్కువ చెయ్యను, ఆ కర్ర భుజాన్ని ఎలా ఒరుస్తుందో చూసినదాన్నే. కానీ ఆ గర్భిణి కార్డులో కాన్పు డేటు నెలల ముందే రాసి ఉంది కదా! 2018లో పార్వతీపురం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) సాలూరులో యువత శిక్షణ కేంద్రాన్ని గర్భిణుల వసతి గృహం చేసింది. కొండమీది ఆడవాళ్ళని డేటుకి ముందే దించి, తిండిపెట్టి, పరీక్షలు చేయిస్తూ కాన్పుదాకా ఉంచుకునే ఏర్పాటు అది. సైరను మోగక్కర్లేదు, డోలీ కట్టక్కర్లేదు.

అయితే రమ్మనగానే ఆ తల్లులు రారు. "నేనొచ్చేస్తే పెద్దపిల్లని ఎవరు చూస్తారు నర్సమ్మా, కోళ్ళనెవరు మూస్తారు?" అంటుంది ఒకామె. అత్త ఊ అనాలి, మొగుడు ఊ అనాలి. దానికోసం ఒకటికి రెండుసార్లు వాళ్ళ గుమ్మంలో కూర్చోవాలి. ఆ కూర్చోడానికి ఏ యాప్‌లోనూ గడి లేదు. అందుకే కుర్ర ఉద్యోగులు గడి ఉన్న పనులే ముందు చేసుకుంటారు. వాళ్ళని తప్పుపట్టలేను.

ఐటీడీఏ, ఆరోగ్యశాఖ అధికారులకి నా విన్నపం ఒక్కటే. ఈ సీజను మొదటి మీటింగు ఒకే ఒక్క కాగితంతో పెట్టండి. వాగు అవతలి ఊళ్ళలో జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో డేటున్న తల్లుల పేర్లు, ప్రతి పేరు పక్కనా ఆమెని ఎవరు, ఏ రోజు కిందికి దించుతారన్నది అందులో రాయించండి. ఆ కాగితం పూర్తయ్యేదాకా ఫొటోలు అడక్కండి. ఒకే లెక్కని రిజిస్టర్లో ఒకసారి, యాప్‌లో ఇంకోసారి రాయించడం కనీసం వానలు తగ్గేదాకా ఆపండి.