దూర ద్వీపంలో మనవారు: గ్వాడెలూప్

పటంలో సీతాకోకచిలుకవలె కనిపించే గ్వాడెలూప్‌ను ఈ మాసం మీకు పరిచయం చేస్తున్నాము. కరీబియన్ సముద్రంలోని ఈ దీవులు 1946 నుండి ఫ్రాన్సులో ఒక జిల్లాగా ఉన్నాయి. ప్రజలలో అధికులు ఆఫ్రికా నుండి తేబడిన బానిసల సంతతివారు. ఫ్రెంచి, క్రియోల్ భాషలు మాట్లాడతారు.

1848లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కరువయ్యారు. యజమానుల చూపు మన దేశంపై పడింది. 1854 డిసెంబరు 24న, క్రిస్మస్‌కు ముందురోజున, 'ఒరేలీ' అనే ఓడ మొదటి భారతీయ కూలీలను అక్కడ దింపింది. 1889 వరకు సుమారు 42,000 మంది వెళ్లారు. తమిళులే ఎక్కువ, తెలుగువారూ ఉన్నారు. ఒప్పందం ఐదేండ్లకే అయినా తిరిగివచ్చినవారు కొద్దిమందే.

వారి బిడ్డలు అక్కడే పుట్టినా ఓటు ఇవ్వలేదు. కూలీల బిడ్డయైన హెన్రీ సిదంబరం 1904లో పోరాటం మొదలుపెట్టాడు. 1923లో గాని వారికి పౌరహక్కులు దక్కలేదు. 19 ఏండ్ల ఓర్పు!

నేడు పూర్వికుల భాష దాదాపు పోయింది. అనేకులు కతోలికులుగా బాప్తిస్మము పొందారు. మారియమ్మ గుడులూ నిలిచాయి. 'కొలంబో' అనే మసాలా కూర మాత్రం ఇప్పుడు అందరి ఇండ్లలోనూ ఉడుకుతుంది. తమిళుల 'కుళంబే' ఆ పేరుకు మూలమంటారు.

మా నాచారం పారిశ్రామికవాడకూ పొట్ట చేతబట్టుకొని ఎందరో వస్తుంటారు. మీ ఇంటినుండీ ఎవరో ఒకరు వలస వెళ్లే ఉంటారు. వారి బిడ్డలకు తాతల ఊరు, పేరు చెప్పండి. మీ ఊరికి వచ్చిన పరదేశికి పొరుగువానిగా చోటివ్వండి.