తగ్గుచున్న జననములు, తల్లుల నిర్ణయము

మన దేశమున 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైన నాడు పెద్దలను కలవరపెట్టినది జనాభా పెరుగుదల. నేడు ఆ కలవరము దిశ మార్చుకొనుచున్నది. 1960 దశకము తొలినాళ్లలో ప్రపంచమున ఒక్కొక్క స్త్రీకి సగటున ఐదుగురు బిడ్డలు కలుగుచుండగా, ఇప్పుడా సంఖ్య రెండుకు కొంచెము పైన నిలిచినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ననుసరించి 1992-93లో మన దేశపు సగటు 3.4, 2019-21 నాటికి అది 2.0. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒక తరము స్థానమును మరియొక తరము నింపుటకు సుమారు 2.1 కావలెను.

చదువుకొన్న స్త్రీలే దీనికి కారకులని కొందరు నిందించుచున్నారు. ఆ నింద న్యాయము కాదు. 1971లో మన దేశమున పుట్టిన ప్రతి వేయి మంది శిశువులలో 129 మంది ఏడాది నిండక మునుపే మరణించిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. పుట్టిన బిడ్డ బ్రతుకునన్న నమ్మకము కుదిరిన ఇంట కాన్పులు తగ్గుట సహజము. ఆడపిల్లల చదువు, పెండ్లి వయస్సు కూడ పెరిగినవి. ఇవన్నియు జాతి కోరి సాధించుకొన్న మేళ్లు.

అయినచో ఆజ్ఞలచే జననములను పెంచవచ్చునా? రుమేనియా ప్రభుత్వము 1966లో గర్భస్రావమును దాదాపుగా నిషేధించినది. మరుసటి యేడు జననములు ఇంచుమించు రెట్టింపైనవి గాని, కొలది యేండ్లలోనే మరల తగ్గినవి. చాటుమాటు గర్భస్రావముల వలన వేలాది తల్లులు మరణించిరి. 1989 డిసెంబరులో ఆ పాలన కూలిన వెంటనే శాసనము రద్దయినది. తగ్గించుటకును బలవంతము తగదని 1976-77లో మన దేశమే తెలిసికొన్నది. ఆ యేట 80 లక్షలకు పైగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు జరిగినవి. ప్రజల నమ్మకము మాత్రము చెడినది.

ఇద్దరికంటె ఎక్కువ సంతానము గలవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించినది. అది మంచిదే. అయితే దాని స్థానమున "ఎక్కువ మందిని కనుడు" అను ఒత్తిడి రాకూడదు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారములైనది; పొలమున కూలి చేయు తల్లికి ఆ సెలవు అందుట లేదు. పని చోట పసివారిని చూచుకొనువారు, ఇంటిపనిలో భర్త చేయూత, వృద్ధులకు పింఛను, వైద్యము కావలెను. ఇవి సమకూర్చుట సమాజము విధి. బిడ్డలు ఎందరన్నది దంపతులు, అందును ముఖ్యముగా తల్లి, నిర్ణయించుకొనవలసిన విషయము.