దుర్గగుడి ఫ్లైఓవర్: పండగ చూసి పెట్టిన గడువు

విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్‌కు 2015 డిసెంబరులో శంకుస్థాపన చేసి, 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాలకల్లా పూర్తిచేస్తామన్నారు. ఎనిమిది నెలలు! ఒకపక్క దుర్గగుడి ఉన్న ఇంద్రకీలాద్రి, మరోపక్క కృష్ణా నది. మధ్యనున్న ఇరుకు దారిలోనే హైదరాబాద్ లారీలు, అమ్మవారి భక్తులు, ఊరి జనం. అలాంటి చోట ఆరు వరుసల వంతెనకు అది మొదటి నుంచీ కుదరని గడువే. పంచాంగం చూసి ముహూర్తం పెట్టవచ్చు గానీ గడువును పని లెక్క చూసే పెట్టాలి. ఎంచుకున్న పద్ధతి మాత్రం ఆ చోటుకు సరిగ్గా తగింది. కింద జాగా లేదు గనుక ఒంటి స్తంభాల వరుస నిలిపారు. ముందే పోతపోసిన కాంక్రీటు దిమ్మెలను పైకెత్తి, ఒకదానికొకటి చేర్చి, ఉక్కు తీగలతో బిగిస్తే వెన్నెముక తయారవుతుంది. దానికి రెండువైపులా రెక్కలు తగిలిస్తే రోడ్డు వెడల్పు వస్తుంది. నేర్పుతో, ఓపికతో చేయాల్సిన ఈ పనిని తొందరపెట్టడం క్షేమం కాదు. పుష్కరాలు వెళ్లిపోయాయి, 2019లో ప్రభుత్వం మారింది, గడువు మళ్లీ మళ్లీ జరిగింది. భవానీపురం వైపు వెళ్లేవాళ్లకు ఏళ్ల తరబడి దుమ్ము, మళ్లింపు దారులే మిగిలాయి. ఆ అవస్థకు ఎవరూ జవాబు చెప్పకపోవడం అన్యాయం. కోవిడ్ రోజుల్లో, 2020 అక్టోబరు 16న, కేంద్రమంత్రి గడ్కరీ, ముఖ్యమంత్రి జగన్ ఆన్‌లైన్‌లోనే వంతెనను ప్రారంభించారు.